డీఏసీ 2 వోల్టులు ఇస్తుంటే ట్యూబ్ ప్రీయాంప్‌కి గెయిన్ ఎంత ఉండాలి? 12ఏయూ7తో కట్టినవాళ్ళు కాస్త చెప్పండి

బెజవాడ_బాస్:

అందరికీ నమస్కారం. నా దగ్గర ఉన్న సెటప్ ముందు చెప్తాను. కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ డీఏసీ (డిజిటల్ పాటని ఆడియో సిగ్నల్‌గా మార్చేది, ఫుల్ వాల్యూమ్‌లో 2 వోల్టులు ఇస్తుంది), అక్కణ్ణుంచి టీపీఏ3116 చిప్ ఉన్న క్లాస్ డీ యాంప్ బోర్డు, దానికి 24 వోల్టుల సప్లై, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. డీఏసీకి యాంప్‌కి మధ్యలో ఒక ట్యూబ్ ప్రీయాంప్ (యాంప్‌కి ముందుండే స్టేజీ) పెట్టుకోవాలని కోరిక.

ఆన్‌లైన్‌లో దొరికే 6జే1 ట్యూబ్ కిట్ ఒకటి కట్టి చూశాను. పాట వస్తుంది, ట్యూబుల కింద నీలం లైట్లు వెలుగుతాయి, అంతకుమించి ఏమీ అనిపించలేదు. అందులో ప్లేట్ (ట్యూబ్‌లో పాజిటివ్ వోల్టేజీ ఇచ్చే పిన్ను) దగ్గర కొలిస్తే 30 వోల్టులు కూడా లేవు. ఈసారి అసలు వోల్టేజీ మీద నడిచేది, డబ్బా దగ్గర్నుంచి అన్నీ నేనే చేసుకోవాలని ఉంది.

నెట్‌లో 12ఏఎక్స్7 అనే ట్యూబ్‌తో ఒక సర్క్యూట్ దొరికింది. ఛానల్‌కి ఒక సగం ట్యూబ్ (ఒకే గాజులో రెండు ట్యూబులు ఉంటాయి), ప్లేట్‌కి 100 కిలో ఓమ్‌లు, అవుట్‌పుట్‌లో 0.47 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్, అంతే. సింపుల్‌గా ఉంది కదా అని దాని మీద మనసుపడ్డాను, కానీ కొందరు 12ఏయూ7 మేలంటున్నారు, ఎందుకో ఎవరూ వివరంగా చెప్పలేదు. ఇంకోటి, 250 వోల్టుల హెచ్‌టీ (ప్లేట్లకి ఇచ్చే హై వోల్టేజీ డీసీ) ఎక్కణ్ణుంచి తేవాలి? ఇక్కడ షాపుల్లో ట్యూబ్ ట్రాన్స్‌ఫార్మర్ అంటే నన్ను వింతగా చూస్తున్నారు. మా బావ "పాత రేడియోల్లో కరెంటు నేరుగా డయోడ్‌కి ఇచ్చేవాళ్ళు, నువ్వూ అలాగే చెయ్యి" అంటున్నాడు. అది కుదురుతుందా? లేక 12 వోల్టుల నుంచి 250 చేసే ఆ చిన్న బూస్ట్ మాడ్యూల్ వాడాలా?

తర్వాత ఎప్పుడైనా నాన్నగారి ఎల్‌పీలు వినడానికి ఫోనో (రికార్డ్ ప్లేయర్ సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్) కూడా కట్టాలి. అది ఇందులోనే కలిపేయవచ్చా?

ఓమ్‌కారం:

బాస్ గారూ, ముందు గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో) లెక్క తేల్చుకోండి, ట్యూబ్ ఏదన్నది దాన్నిబట్టే తేలుతుంది.

మీ టీపీఏ3116 బోర్డు గెయిన్ 26 డీబీకి పెట్టి ఉందనుకుందాం, అంటే 20 రెట్లు. 24 వోల్టుల సప్లై మీద అది స్పీకర్‌కి మహా అయితే 16 వోల్టులు ఇవ్వగలదు. అంటే దాని ఇన్‌పుట్‌కి 0.8 వోల్టు అందితే చాలు, అక్కడికి ఫుల్. మీ డీఏసీ ఇప్పటికే 2 వోల్టులు ఇస్తోంది. అవసరానికి రెండున్నర రెట్లు ముందే ఉంది! ఇప్పుడు మీరు చూసిన 12ఏఎక్స్7 సర్క్యూట్ పెడితే దాని గెయిన్ 50, 60 దాకా ఉంటుంది. 2 వోల్టులని 60తో గుణించండి. అంత సిగ్నల్ ఆ ట్యూబ్ ఎలాగూ ఇవ్వలేదు, ఇచ్చినా దాన్ని ఏం చేసుకుంటాం? వాల్యూమ్‌ని మొదట్లోనే వెంట్రుకవాసి తిప్పి ఆపేయాలి. అక్కడే మామూలు కార్బన్ పాట్‌లో (వాల్యూమ్ తిప్పే రెసిస్టర్) ఎడమ కుడి ఛానళ్ళు సమానంగా ఉండవు, పాడేవాళ్ళు ఒక పక్కకి జరిగిపోయినట్టు వినిపిస్తుంది.

రెండో సమస్య అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే సిగ్నల్ బయటికి వచ్చే దారిలో కనపడే రెసిస్టెన్స్. 12ఏఎక్స్7 లోపలి రెసిస్టెన్స్ 60 కిలో ఓమ్‌ల పైనే. 100 కిలో ప్లేట్ రెసిస్టర్‌తో కలిపితే బయటికి సుమారు 38 కిలో కనపడుతుంది. మీ చిప్ ఇన్‌పుట్ 26 డీబీ సెట్టింగ్‌లో 30 కిలో, 36 డీబీ పెడితే 9 కిలోనే. సగానికి పైగా సిగ్నల్ అక్కడే పోతుంది. ఇక 0.47 కెపాసిటర్ సంగతి: పాత సర్క్యూట్లలో తర్వాత వచ్చేది ఇంకో ట్యూబ్ గ్రిడ్ (ట్యూబ్‌లో సిగ్నల్ ఇచ్చే పిన్ను), 470 కిలోనో 1 మెగానో ఉండేది కాబట్టి అది సరిపోయేది. 10 కిలో లోడ్‌కి అదే పెడితే 34 హెర్ట్జ్ దగ్గరే బేస్ 3 డీబీ పడిపోతుంది. పేరులో బాస్ పెట్టుకుని ఆ పని చేయకండి :)

నేనైతే ఇలా కడతాను. ఛానల్‌కి ఒక 12ఏయూ7 (ఈసీసీ82 అన్నా అదే). మొదటి సగం గెయిన్ కోసం: ప్లేట్‌కి 47 కిలో, కాథోడ్‌కి (ట్యూబ్‌లో నెగటివ్ వైపు) 1.5 కిలో, దాని మీద బైపాస్ కెపాసిటర్ పెట్టకండి. హెచ్‌టీ 250 ఉంటే 2.8 మిల్లీయాంప్‌లు ప్రవహిస్తాయి, ప్లేట్ దగ్గర 118 వోల్టులు, కాథోడ్ దగ్గర 4 పైచిలుకు వస్తుంది. గెయిన్ తొమ్మిదిన్నర. రెండో సగం కాథోడ్ ఫాలోవర్ (గెయిన్ ఇవ్వదు, ఇంపిడెన్స్ తగ్గిస్తుంది): దాని గ్రిడ్‌ని మొదటి ప్లేట్‌కి నేరుగా కలపండి, మధ్యలో కెపాసిటర్ అక్కర్లేదు. దాని కాథోడ్‌కి 47 కిలో. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 500 ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. ఫాలోవర్ లేకుండా మొదటి సగాన్నే బయటికి తీస్తే అది 20 కిలో దాకా ఉండి, కేబుల్ కెపాసిటెన్స్ 500 పికోఫ్యారడ్‌లు ఉంటే చాలు 15 కిలోహెర్ట్జ్ దగ్గర్నుంచే ట్రెబుల్ తినేస్తుంది.

"గెయిన్ వద్దన్నావు, మళ్ళీ తొమ్మిదిన్నర పెట్టావేంటి" అంటారని తెలుసు. ఎక్కువైన గెయిన్‌ని ట్యూబ్ తర్వాత తగ్గించాలి. అవుట్‌పుట్ కెపాసిటర్ తర్వాత 4.7 కిలో సీరీస్‌లో, అక్కణ్ణుంచి 1 కిలో గ్రౌండ్‌కి. సిగ్నల్ 5.7 రెట్లు తగ్గుతుంది, 15 డీబీ. దాంతోపాటు ట్యూబ్ హిస్, మిగిలిన హమ్, ట్యూబ్‌ని తడితే వచ్చే ఆ గంట మోతలాంటి శబ్దం, అన్నీ అంతే తగ్గుతాయి. మొత్తం గెయిన్ 1.7 దగ్గరికి వస్తుంది, వాల్యూమ్ సగం దాటాక మీకు కావలసిన సౌండ్ వస్తుంది. ఇంపిడెన్స్ 850 ఓమ్‌లు, మీ చిప్‌కి బ్రహ్మాండంగా చాలు. కాకపోతే కెపాసిటర్‌కి ఇప్పుడు లోడ్ 5.7 కిలోనే కాబట్టి 4.7 మైక్రోఫ్యారడ్ ఫిల్మ్ కావాలి, 400 వోల్టులది. కొంచెం లావుగా ఉంటుంది, డబ్బాలో చోటు చూసుకోండి.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఈ రెండు రెసిస్టర్ల డివైడర్ ట్యూబ్ వెనకాల ఉంది కాబట్టి బయటికి 0.8 వోల్టు వచ్చేటప్పుడు ట్యూబ్ నాలుగున్నర వోల్టులు ఊపుతూ ఉంటుంది. ఇలాంటి ట్యూబ్‌కి (ట్రయోడ్) సహజంగా ఉండే రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో కలిసే శబ్దం) దానివల్ల కాస్త పెరుగుతుంది. ట్యూబ్ సౌండ్ కావాలని వచ్చినవాళ్ళకి కావలసింది అదే కదా.

హెచ్‌టీ సంగతి రాత్రి రాస్తాను, ఆఫీసులో ఉన్నాను.

పాతవాల్వు_మాస్టారు:

బాబూ, మీ బావగారి సలహా మాత్రం పాటించకండి. ఆయన చెప్పింది అబద్ధం కాదు, ఏసీ/డీసీ రేడియో సెట్లలో అలాగే ఉండేది. కరెంటు తీగ ఒకటి తిన్నగా ఛాసిస్‌కే (లోపలి లోహపు చట్రం) వచ్చేది. అందుకే ఆ సెట్లకి చెక్క డబ్బానో బేకలైటో ఉండేది, వెనక అట్ట, నాబ్‌లు ప్లాస్టిక్‌వి, నాబ్ స్క్రూ చేతికి తగలకుండా కన్నంలో మైనం కూడా పోసేవారు. అప్పుడు రేడియోకి బయటికి వచ్చే తీగ ఏరియల్ ఒక్కటే, దానికీ మధ్యలో కెపాసిటర్ ఉండేది. మీ ప్రీయాంప్‌కి ముందు డీఏసీ, దాని వెనక కంప్యూటర్, ఇవతల యాంప్. ఆర్‌సీఏ (ఆడియో కేబుల్) పిన్ను బయటి వలయం ఛాసిస్సే. మీరు నేరుగా కరెంటు ఇస్తే ఆ తీగల వెంట ఇల్లంతా కరెంటు పాకుతుంది. 230 వోల్టులు అంటే శిఖరం దగ్గర 325. ప్లగ్గు తిరగేసి పెట్టినరోజున ఏం జరుగుతుందో నేను రాయక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

పాత సెట్లలోంచి వాల్వులు (మీరనే ట్యూబులే) పీకుదామనే ఆలోచన ఉంటే, ఇళ్ళలో ఉండే రేడియోలో ఈసీసీ82 దొరకదు. వాటిల్లో ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈసీఎల్82 లాంటివి ఉంటాయి. పెళ్ళిళ్ళకి తిరిగిన వాల్వు మైక్‌సెట్ యాంప్లిఫయర్ ఎక్కడైనా అటక మీద ఉంటే అందులో ఈసీసీ83 (12ఏఎక్స్7 అన్నా అదే) ఉండొచ్చు, అది మీ ఫోనోకి పనికొస్తుంది. బెంగళూరు బీఈఎల్ వాళ్ళు 1961లో రేడియో వాల్వులు చేయడం మొదలుపెట్టారు, ఆ ముద్ర ఉన్న ఈసీసీ83లు, ఈఎల్84లు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. కొనేముందు గాజు లోపల పైభాగాన ఉండే వెండి పూత చూడండి. అది తెల్లగా పాలలాగా మారిందంటే లోపలికి గాలి పోయింది, పారేయడమే. వెండిలాగే ఉన్నా హీటర్ (కాథోడ్‌ని వేడి చేసే తీగ) తెగిందో లేదో మీటర్‌తో చూసుకోండి.

వాల్వులు తీసుకోండి కానీ పాత సెట్‌లోని పేపర్ కెపాసిటర్లు మాత్రం వద్దు. అవి డీసీని కొంచెం కొంచెం వదులుతాయి, తర్వాతి గ్రిడ్ పాజిటివ్ అవుతుంది, వాల్వు ఎర్రబడేదాకా తెలియదు.

ఇక చేయి పెట్టేముందు: ప్లగ్ పీకి, ఒక నిమిషం ఆగి, మీటర్ పెట్టి హెచ్‌టీ సున్నా దగ్గరికి వచ్చిందని కళ్ళతో చూశాకే. ఆన్‌లో ఉండగా కొలవాలంటే నల్ల ప్రోబ్‌ని క్లిప్‌తో ఛాసిస్‌కి తగిలించి, ఒక్క చేత్తోనే కొలవండి. రెండో చేయి జేబులో. కాళ్ళకి చెప్పులు.

ఆప్‌యాంప్_అన్న:

ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే అంటాను. గెయిన్ అవసరం లేదని ఓమ్‌కారం అన్నే లెక్క వేసి చూపించాడు. అలాంటప్పుడు ఒక ఎన్‌ఈ5532 (ఆప్‌యాంప్ చిప్), ప్లస్ మైనస్ 12 వోల్టులు, ఒక మంచి పాట్, సాయంత్రానికల్లా అయిపోతుంది. హిస్ లేదు, హమ్ లేదు, షాక్ లేదు, వేడెక్కేవరకూ ఆగక్కర్లేదు. ఏ కొలత తీసుకున్నా ట్యూబ్ కన్నా మెరుగ్గానే ఉంటుంది. అసలు పాట్ ఒక్కటే పెట్టినా మీకు సరిపోతుంది బ్రో. ట్యూబ్ మీద మోజు ఉంటే సరే, కట్టుకోండి, కానీ "క్వాలిటీ పెరుగుతుంది" అని మాత్రం చెప్పకండి ఎవరికీ.

బెజవాడ_బాస్:

అన్నా, నువ్వన్నది ఒప్పుకుంటా. సౌండ్ ఇప్పుడు కూడా బాగానే ఉంది, నాకు కావలసింది కట్టడం, 250 వోల్టులు కొలవడం, ఆ ఎర్రటి హీటర్లు చూడటం. ఎన్‌ఈ5532 బోర్డు ఒకటి డ్రాయర్లో ఉంది కూడా, పక్కపక్కన పెట్టి విని చూస్తా.

మాస్టారూ, బావకి మీ పోస్ట్ చూపించాను, సైలెంట్ అయిపోయాడు. ఓమ్‌కారం గారూ, సర్క్యూట్ అర్థమైంది, ఇక హెచ్‌టీ కోసం వెయిటింగ్. హీటర్‌కి మామూలు 12 వోల్టుల అడాప్టర్ వాడొచ్చా?

ఓమ్‌కారం:

బూస్ట్ మాడ్యూల్ గురించి ముందు. పనిచేస్తుంది, చాలామంది వాడుతున్నారు. కానీ అది పదుల కిలోహెర్ట్జ్‌లలో స్విచ్ అవుతుంది, మీ యాంప్ కూడా క్లాస్ డీ, అది ఇంకో ఫ్రీక్వెన్సీలో స్విచ్ అవుతుంది. రెండూ కలిసి వినపడే చోట ఒక సన్నని కీచుమోత పెట్టవచ్చు, దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియక తల పట్టుకోవాలి. 50 హెర్ట్జ్ హమ్ వదిలించుకుందామని అది పెడితే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. మొదటిసారి కట్టేవాళ్ళకి ఇనుప ట్రాన్స్‌ఫార్మరే నయం.

ట్యూబ్ ట్రాన్స్‌ఫార్మర్ దొరక్కపోతే రెండు మామూలు 230/12 ట్రాన్స్‌ఫార్మర్లు తెచ్చుకోండి. ఒకటి 12 వోల్టులు 2 ఆంపియర్లు, రెండోది 12 వోల్టులు అర ఆంపియర్. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, మీ ఊళ్ళో ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా సరే దొరికే సరుకే ఇది. మొదటిది 230ని 12 చేస్తుంది. ఆ 12ని రెండోదాని 12 వోల్టుల వైపు ఇస్తే, దాని 230 వైపు మళ్ళీ 190, 200 దాకా ఏసీ వస్తుంది (నష్టాల వల్ల పూర్తి 230 రాదు, మనకి అదే మంచిది). ఇంటి కరెంటుకి, మీ సర్క్యూట్‌కి మధ్య రెండు ట్రాన్స్‌ఫార్మర్ల అడ్డు ఉంటుంది. బ్రిడ్జ్ (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు) పెడితే 280 వోల్టుల డీసీ. మన లైన్లలో రాత్రిళ్ళు 250 కూడా వస్తుంది, ట్యూబులు వేడెక్కేలోపు లోడ్ ఉండదు, అప్పుడు 300 దాటుతుంది. అందుకని కెపాసిటర్లు 400 వోల్టులవే కొనండి, 350వి చవగ్గా వచ్చాయని తేకండి. మొదటిదాని 230 వైపు 250 మిల్లీయాంప్‌ల స్లో బ్లో ఫ్యూజ్ మర్చిపోవద్దు.

ఇప్పుడు ఫిల్టర్. రెండు ఛానళ్ళూ కలిపి 11 మిల్లీయాంప్‌లు లాగుతాయి. బ్రిడ్జ్ తర్వాత 100 మైక్రోఫ్యారడ్ పెడితే ఒక వోల్టుకి పైగా రిపుల్ (డీసీలో మిగిలే హెచ్చుతగ్గులు) మిగులుతుంది, 100 హెర్ట్జ్‌ది. తర్వాత 1 కిలో రెసిస్టర్, మళ్ళీ 100 మైక్రోఫ్యారడ్: అది 18 మిల్లీవోల్టులకి వస్తుంది. ఇక్కణ్ణుంచి ఒక్కో ఛానల్‌కి విడిగా 4.7 కిలో, 47 మైక్రోఫ్యారడ్. ఇప్పుడు రిపుల్ 0.13 మిల్లీవోల్టు. అందులో సగం కన్నా తక్కువే ప్లేట్ మీదికి వస్తుంది, దాన్ని మళ్ళీ మన అవుట్‌పుట్ డివైడర్ అయిదారు రెట్లు తగ్గిస్తుంది. స్పీకర్‌కి చెవి ఆనించినా వినపడకూడదు. ఈ రెసిస్టర్లలో 35 వోల్టులు పోయి చివరికి 245 చుట్టూ మిగులుతుంది, అదే మనకి కావలసింది. రెండు ఛానళ్ళకి విడి ఫిల్టర్ ఉండటం వల్ల ఒకదాని సిగ్నల్ ఇంకోదాంట్లోకి సప్లై దారిలో పోదు.

హీటర్‌కి అడాప్టర్ వద్దు. ఆ స్విచింగ్ అడాప్టర్లలో ప్రైమరీ నుంచి సెకండరీకి ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, దాన్నుంచి కరెంటు గోల హీటర్‌లోకి, అక్కణ్ణుంచి కాథోడ్‌లోకి వస్తుంది. మొదటి ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్టులనే వేరే బ్రిడ్జ్‌తో డీసీ చేసి 7812 (12 వోల్టుల రెగ్యులేటర్) పెట్టండి. 12ఏయూ7 హీటర్ 4, 5 పిన్నుల మధ్య 12.6 వోల్టులు 150 మిల్లీయాంప్‌లు అడుగుతుంది, 12 ఇస్తే అయిదు శాతమే తక్కువ, ఇబ్బంది లేదు. రెండు ట్యూబులకి కలిపి 300 మిల్లీయాంప్‌లు.

ఇక్కడ ఒక మెలిక. ఫాలోవర్ కాథోడ్ 120 వోల్టుల మీద కూర్చుంటుంది, హీటర్ సున్నా దగ్గర ఉంటే రెండిటి మధ్య 120. ట్యూబ్ తట్టుకుంటుంది కానీ అంత ఒత్తిడి పెట్టకపోతే మేలు. హెచ్‌టీ నుంచి గ్రౌండ్‌కి 220 కిలో, 47 కిలో సీరీస్‌లో పెట్టి, మధ్యలో వచ్చే 44 వోల్టులకి హీటర్ సప్లై నెగటివ్‌ని కట్టండి, 47 కిలో మీద ఒక 10 మైక్రోఫ్యారడ్. హమ్ కూడా తగ్గుతుంది. ఈ రెండు రెసిస్టర్లే ఆఫ్ చేశాక కెపాసిటర్లని ఖాళీ చేసే బ్లీడర్‌గా కూడా పనికొస్తాయి. 220 కిలో ఒక వాట్‌ది పెట్టండి, పావు వాట్ రెసిస్టర్లు అంత వోల్టేజీకి పనికిరావు. ఆ తర్వాత 7812ని డబ్బాకి బిగించేటప్పుడు జాగ్రత్త, దాని లోహపు రేకు నెగటివ్ పిన్నుకి కలిసి ఉంటుంది, ఆ నెగటివ్ ఇప్పుడు 44 వోల్టుల మీద ఉంది. మైకా వాషర్ లేకుండా బిగిస్తే మొత్తం ప్లాన్ అక్కడే షార్ట్.

డాలస్_డయోడ్:

ఓమ్‌కారం గారు చెప్పిన సర్క్యూట్‌లో స్విచ్ వేసిన క్షణం గురించి రాలేదు. హెచ్‌టీ వెంటనే వస్తుంది, హీటర్లు ఇంకా చల్లగా ఉంటాయి. మొదటి సగం కరెంటు లాగదు, దాని ప్లేట్ పూర్తి హెచ్‌టీ దాకా లేస్తుంది, దాన్ని పట్టుకుని ఫాలోవర్ గ్రిడ్ కూడా లేస్తుంది, కాథోడ్ మాత్రం సున్నాలో ఉంటుంది. గ్రిడ్‌కి కాథోడ్‌కి మధ్య 280 వోల్టులు! ఆ రెండిటి మధ్య ఎడం వెంట్రుకంత కూడా ఉండదు. ప్రతిసారీ ఇలా జరిగితే ట్యూబ్ ఆయుష్షు తగ్గుతుంది. మందు చాలా చవక: ఒక 1ఎన్4007, ఆనోడ్ గ్రిడ్ వైపు, గీత ఉన్న కొస కాథోడ్ వైపు. వేడెక్కాక గ్రిడ్ ఎప్పుడూ కాథోడ్ కన్నా కిందే కాబట్టి డయోడ్ అడ్డు రాదు.

వేడెక్కేటప్పుడు కాథోడ్ వోల్టేజీ ఎక్కిదిగుతుంది, అదంతా 4.7 మైక్రోఫ్యారడ్ గుండా యాంప్‌లోకి దభీమని వెళ్తుంది. అవుట్‌పుట్ దగ్గర 1 కిలో మీద ఒక రిలే కాంటాక్ట్ పెట్టండి, కరెంటు లేనప్పుడు మూసుకుని ఉండేది. హీటర్ సప్లై నుంచే 555 టైమర్ చిప్‌తో 40 సెకన్ల ఆలస్యం ఇస్తే ఆ తర్వాత తెరుచుకుంటుంది. ఆఫ్ చేయగానే రిలే పడిపోయి మళ్ళీ మ్యూట్. 4.7 కిలో ముందే ఉంది కాబట్టి షార్ట్ అయినా ట్యూబ్‌కి ఏమీ కాదు.

అమెరికా సర్క్యూట్లు చూసి కట్టేవాళ్ళకి ఒక మాట. ఇక్కడ లైన్ 120 వోల్టులు కదా, ఇలా రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఎదురెదురు పెడితే 150 వోల్టుల డీసీ దగ్గరే ఆగిపోతుంది, అందుకని చాలా డ్రాయింగుల్లో డబ్లర్ (వోల్టేజీని రెట్టింపు చేసే సర్క్యూట్) ఉంటుంది. అదే బొమ్మని బెజవాడలో మక్కీకి మక్కీ కడితే 550 దాటుతుంది. 400 వోల్టుల కెపాసిటర్ ఎలా పేలుతుందో చూడాలనుంటే తప్ప ఆ పని చేయకండి.

విశాఖ_వాల్యూమ్:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నా దగ్గర 6ఎన్1పీలు నాలుగున్నాయి, 6డీజే8 రెండున్నాయి. 12ఏయూ7 సాకెట్‌లో వీటిని పెట్టి చూడొచ్చా? పిన్నులు తొమ్మిదే కదా.

డాలస్_డయోడ్:

పెట్టొద్దు. ప్లేట్, గ్రిడ్, కాథోడ్ పిన్నులు ఒకటే (1, 2, 3 ఒక సగం, 6, 7, 8 రెండో సగం), కానీ హీటర్ వేరు. 12ఏయూ7లో 4, 5 రెండు కొసలు, 9 మధ్య పిన్ను. మీ రెండు ట్యూబుల్లో 4, 5 మధ్య 6.3 వోల్టులే, 9 లోపలి షీల్డ్. బాస్ గారి సాకెట్‌లో 12 వోల్టులు ఉంటాయి, పెట్టగానే హీటర్ తెల్లగా వెలిగి పోతుంది. పైగా 6డీజే8 ప్లేట్ 130 వోల్టులకి మించకూడదు, 90 దగ్గర 15 మిల్లీయాంప్‌లతో హాయిగా ఉండే ట్యూబ్ అది, దానికి వేరే సర్క్యూట్ కట్టాలి. ఆ 6ఎన్1పీకి హీటర్ కరెంటే 600 మిల్లీయాంప్‌లు.

కొత్తవి కొనాలంటే స్లొవేకియా జేజే వాళ్ళ ఈసీసీ82 చాలు, మొదటి ప్రీయాంప్‌కి అంతకన్నా ఖరీదైనవి వద్దు. ఆన్‌లైన్‌లో టెలిఫంకెన్ పేరుతో అమ్మేవాటిలో పేరు మాత్రమే అచ్చేసినవి చాలా. అసలుదానికి అడుగున పిన్నుల మధ్య గాజులోనే పోతపోసిన డైమండ్ గుర్తు ఉంటుంది, సిరా గుర్తు కాదు.

బెజవాడ_బాస్:

అప్‌డేట్. కట్టేశాను! డబ్బా అల్యూమినియంది, ట్యూబులు పైన, ట్రాన్స్‌ఫార్మర్లు వెనక మూలన, వాల్యూమ్ ముందు. కొలతలు: హెచ్‌టీ ఒక ఛానల్‌కి 243, ఇంకోదానికి 245. ప్లేట్లు 111, 116. కాథోడ్లు 4.1, 4.2. ఓమ్‌కారం గారి లెక్కకి దగ్గర్లోనే ఉన్నట్టుంది. 100 కిలో లాగ్ పాట్ (మొదట్లో నెమ్మదిగా పెరిగేది) అని చెప్పి షాపువాళ్ళు ఇచ్చింది సగంలో కొలిస్తే 50 కిలో వచ్చింది, అంటే లీనియర్. మార్చి తెచ్చుకున్నాను, ఇప్పుడు సగంలో 12 కిలో.

సౌండ్ గురించి: ఎన్‌ఈ5532తో పోలిస్తే పెద్ద తేడా చెప్పలేను. గొంతులు కొంచెం దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తోంది, అది కట్టిన మోజు కూడా కావచ్చు. ఆప్‌యాంప్ అన్న నవ్వుకోవచ్చు.

ఒక ఇబ్బంది ఉంది. ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెడితే చాలు సన్నగా బుర్రుమని హమ్, పైన చిరచిర. చార్జర్ పీకితే ప్రశాంతం. ప్రీయాంప్ ఎర్త్ పిన్ను తీసేస్తే కూడా పోతోంది. అలా వదిలేయొచ్చా?

పాతవాల్వు_మాస్టారు:

వదలొద్దు. ఎర్త్ పిన్ను వెంటనే తిరిగి పెట్టండి. లోపల 280 వోల్టులున్న లోహపు డబ్బా అది. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ ఒకరోజు పాడైతే ఫ్యూజ్ పోవడానికి ఉన్న దారి ఆ పిన్నొక్కటే. ముందు మీ ఇంటి సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకోండి, చాలా ఇళ్ళలో మూడో కన్నం ఉత్తుత్తిదే.

ఓమ్‌కారం:

మాస్టారు చెప్పిందే. చార్జర్ పీకితే పోతోంది అంటే ప్రీయాంప్ తప్పు లేదు, అది గ్రౌండ్ లూప్. చార్జర్ ఎర్త్ నుంచి ల్యాప్‌టాప్, యూఎస్‌బీ కేబుల్, డీఏసీ, ఆర్‌సీఏ, మీ డబ్బా, మళ్ళీ ఎర్త్. ఆ చుట్టూ తిరిగే కరెంటు మీకు వినిపిస్తోంది. డీఏసీకి ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంటే అది వాడండి, రాగి తీగ తెగిపోతుంది, సమస్య ఉండదు. లేకపోతే యూఎస్‌బీ ఐసొలేటర్ ఒకటి తీసుకోండి. డబ్బాలో కూడా ఒకసారి చూడండి: సిగ్నల్ గ్రౌండ్ ఛాసిస్‌కి ఒకే చోట, ఇన్‌పుట్ ఆర్‌సీఏల దగ్గర తగలాలి. ఆర్‌సీఏ సాకెట్లు ప్లాస్టిక్ వాషర్ లేకుండా బిగించి ఉంటే నాలుగు చోట్ల తగులుతున్నట్టే. ఆ చిరచిర మొబైల్‌ది కూడా అయితే గ్రిడ్ పిన్ను మొదట్లోనే 1 కిలో స్టాపర్ రెసిస్టర్ ఉందో లేదో చూసుకోండి.

ఫోనో దీంట్లో కలపకండి. ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జ్, అంటే రికార్డు ప్లేయర్‌లో సూది ఉండే భాగం, ఇచ్చేది 5 మిల్లీవోల్టులు. ఆర్‌ఐఏఏ (ఎల్‌పీల ఈక్వలైజేషన్ ప్రమాణం) ప్రకారం 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్‌ని 17 డీబీ పెంచాలి, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే హమ్‌ని కూడా మనమే పెంచుతాం. మీ డబ్బాలో ట్రాన్స్‌ఫార్మర్లు వెనక మూలనే ఉన్నాయి, ఇన్‌పుట్లూ వెనకే. ఫోనోకి వేరే డబ్బా, సప్లై ఇంకో డబ్బాలో దూరంగా, మధ్యలో కేబుల్. అక్కడ 12ఏఎక్స్7 రెండు స్టేజీలు, మధ్యలో 3180, 318, 75 మైక్రోసెకన్ల నెట్‌వర్క్, ఇన్‌పుట్‌కి 47 కిలో. నాన్నగారి రికార్డులు ఎల్‌పీలే కదా? వాటిలో 78లు (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులు) ఏవైనా ఉంటే వాటికి సూదీ వేరు, ఈక్వలైజేషనూ వేరు. కట్టే ముందు రికార్డుల లేబుళ్ళు చూసి చెప్పండి.